మత్తువైద్య శిక్షణలో ఆధారగ్రంథ నిర్ణయం: హైదరాబాదు క్లోరోఫాం కమిషన్, ఆరోగ్యవరం నేర్పే పాఠాలు

వ్యాససంగ్రహం:
మత్తువైద్యం నేర్చుకొనే విద్యార్థికి మందుల గుణాలు తెలిస్తే చాలదు. శస్త్రవైద్యుడు చేసే పని కూడా తెలియాలి. ఆ జ్ఞానాన్ని ఏ గ్రంథం నుండి గ్రహించాలన్న ప్రశ్నను తెలుగునేల వైద్యచరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు (1888, 1889), మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం క్షయవైద్యశాల ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: మత్తువైద్యం, క్లోరోఫాం, ఎడ్వర్డ్ లారీ, రూపాబాయి ఫర్దూన్జీ, ఆరోగ్యవరం, వైద్యగ్రంథాలు.

1. ప్రవేశిక:
1846 అక్టోబరు 16న బోస్టన్ నగరంలో విలియం మోర్టన్ ఈథర్ ప్రయోగాన్ని బహిరంగంగా ప్రదర్శించాడు. అదే సంవత్సరం నాసిరుద్దౌలా పాలనలో హైదరాబాదు వైద్యపాఠశాల ఆరంభమైంది. మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫాంను ప్రవేశపెట్టాడు. హైదరాబాదు పాఠశాలలో తొలుత ఉర్దూలో సాగిన బోధన 1880ల మధ్యలో ఆంగ్లానికి మారింది. దానితో విద్యార్థి చదివే పుస్తకమూ మారింది. కాబట్టి గ్రంథనిర్ణయం అనే సమస్య ఇక్కడ కొత్తది కాదు.

2. రెండు గ్రంథాలు - రెండు మార్గాలు:
క్లోరోఫాం ఇచ్చినప్పుడు కొందరు రోగులు హఠాత్తుగా మరణించేవారు. ముందు ఆగేది శ్వాసా, గుండెా అన్నదే నాటి వివాదం. లండన్ వైద్యుడు జాన్ స్నో తాను చూసిన రోగుల వివరాలను, సేకరించిన మరణ వృత్తాంతాలను విశ్లేషించాడు. ఆకస్మిక మరణాలలో ఎక్కువ భాగానికి గుండె స్తంభించడమే కారణమని, అందుకు మూలం పీల్చే గాలిలో మందు పాలు మితిమీరడమని భావించాడు. ఆయన గ్రంథం 1858లో, మరణానంతరం వెలువడింది.

హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ శిష్యుడు. శ్వాసను గమనిస్తే చాలు, నాడి చూడనక్కరలేదన్నది ఆయన బోధన. దీనిని నిరూపించడానికి 1888లో మొదటి కమిషన్ ఏర్పడింది. లండన్ వైద్యపత్రిక లాన్సెట్ ఆ ఫలితాలను అంగీకరించలేదు. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ 1000 పౌండ్లు ఇవ్వగా, ఆ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ 1889లో హైదరాబాదు వచ్చాడు. 400కు పైగా జంతువులపై పరీక్షలు జరిగాయి. రెండవ కమిషన్ కూడా లారీ పక్షానే తీర్పు చెప్పింది.

అయితే 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై ప్రయోగాలు చేసి, క్లోరోఫాం మత్తు పలుచగా ఉన్నప్పుడే గుండె గదులు లయ తప్పి కంపించి మరణం సంభవించగలదని చూపాడు. భయపడి మందు తగ్గించి ఇచ్చిన వైద్యుడు కూడా రోగిని ప్రమాదంలోకి నెట్టే అవకాశం ఉందన్నమాట. స్నో చూపిన కారణం అన్ని సందర్భాలకూ చాలదని కూడా దీనివల్ల తేలింది. కాని గుండెను గమనించాలన్న ఆయన హెచ్చరిక నిలిచింది. రాజాదరణ, పత్రిక ప్రతిష్ఠ, ప్రయోగాల సంఖ్య ఇన్ని తోడున్నా కమిషన్ నియమం నిలవలేదు. ఆ నియమాన్నే నమ్మి నాడి విడిచిపెట్టిన శిష్యుని ఎదుట బల్లపై ఉన్నది జంతువు కాదు, మనిషి.

3. రూపాబాయి ఎంపిక:
ఈ పాఠశాలలోనే చదివి 1889లో పట్టా పొందిన రూపాబాయి ఫర్దూన్జీ ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలిగా గుర్తింపు పొందింది. ఆమె 1909లో ఎడిన్‌బరో వెళ్ళి భౌతిక, రసాయనశాస్త్రాలు అభ్యసించింది. మత్తువైద్యానికి ప్రత్యేక కోర్సులు లేని ఆ కాలంలో వాయువు, ఆవిరి, పీడనం వంటి మూలభావనలను వాటి సొంత శాస్త్రాల్లోనే వెతకడం వివేకవంతమైన మార్గం.

4. ఆరోగ్యవరం - శస్త్రక్రియే నిర్దేశించే మత్తు:
నిమ్మనపల్లెకు పొరుగున ఉన్న మదనపల్లె దగ్గర, 1910ల దశకంలో పలు క్రైస్తవ మిషన్లు కలిసి ఆరోగ్యవరం క్షయవైద్యశాలను నెలకొల్పాయి. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమట్ మోలర్ దాని తొలి పర్యవేక్షకుడు. మందులు లేని ఆ కాలంలో విశ్రాంతి, స్వచ్ఛమైన గాలి, పుష్టికరమైన ఆహారం క్షయచికిత్సకు ఆధారాలు. శస్త్రవైద్యులు కొన్నిచోట్ల పక్కటెముకలు తొలగించి వ్యాధిగ్రస్తమైన ఊపిరితిత్తిని అణచే థొరకోప్లాస్టీ చేసేవారు.

ఈ శస్త్రక్రియ స్వభావం తెలియని మత్తువైద్యుడు ఎంత ప్రమాదకారో సులభంగా గ్రహించవచ్చు. గాయపడిన ఊపిరితిత్తిలోని కఫం మంచి ఊపిరితిత్తిలోకి పొంగవచ్చు. రోగి దగ్గి దానిని బయటికి పంపగలిగి ఉండాలి. ఈథర్ ఆవిరి శ్వాసమార్గాన్ని రేపుతుంది. అందువల్ల స్థానికంగా తిమ్మిరి కలిగించి శస్త్రక్రియ చేయడానికి పలువురు మొగ్గుచూపారు. ఏ మందు అన్న ప్రశ్నకు సమాధానం మందుల పుస్తకంలో కాక శస్త్రక్రియ వివరణలో దొరుకుతుంది. స్ట్రెప్టోమైసిన్ (1944), తరువాతి మందులు వచ్చాక థొరకోప్లాస్టీ క్రమంగా అరుదైపోయింది. నిన్నటి ముఖ్య అధ్యాయం నేడు చరిత్ర.

5. నేటి విద్యార్థికి ప్రమాణాలు:
సాధారణ శస్త్రచికిత్సా గ్రంథం శస్త్రవైద్యుని కోసం వ్రాసినది. కోత, కుట్టు, రోగనిర్ణయం దాని ప్రధాన విషయాలు. మత్తువైద్య విద్యార్థికి కావలసిన వివరాలు వేరు: రోగిని ఏ భంగిమలో ఉంచుతారు, ఎంతసేపు పడుతుంది, రక్తనష్టం ఎంత, ఏ ఘట్టంలో రక్తపోటు పడిపోవచ్చు, తరువాత నొప్పి ఎంత ఉంటుంది. 1994లో స్టాన్‌ఫర్డ్ వైద్యులు జాఫీ, శామ్యూల్స్ సంపాదకత్వంలో వచ్చిన ‘ఎనస్థీషియాలజిస్ట్స్ మాన్యువల్ ఆఫ్ సర్జికల్ ప్రొసీజర్స్’ ఈ అవసరాన్నే ఆధారం చేసుకొంది. ఒక్కొక్క శస్త్రక్రియను శస్త్రవైద్యుల దృష్టితోను, మత్తువైద్యుల దృష్టితోను వరుసగా వివరించడం దాని పద్ధతి. చేతిలో ఉంచుకొనే తొలి గ్రంథంగా ఇటువంటిదే తగినది. లోతు కోసం శస్త్రచికిత్సా గ్రంథం దానికి తోడు నిలవాలి.

6. ముగింపు:
• గ్రంథకర్త పదవి కన్నా, వాదానికి మూలమైన ఆధారం ఏమిటో మొదట చూడాలి. హైదరాబాదు కమిషన్ దీనికి నిదర్శనం.
• శస్త్రవైద్యులు, మత్తువైద్యులు కలిసి వ్రాసిన గ్రంథానికి ప్రాధాన్యమివ్వాలి.
• ముద్రణ సంవత్సరం గమనించాలి. థొరకోప్లాస్టీ చరిత్ర చెప్పేది ఇదే.
• ఏ గ్రంథం చదివినా, ఎదుట ఉన్న రోగి నాడి విడువరాదు. లారీ శిష్యులు నేర్చుకోకుండా పోయినది, నేటి శిష్యుడు మరువరానిది ఇదే.