జనం పాటకు కచేరీలో చోటెక్కడ?

1923 నవంబరు 1న న్యూయార్కులోని ఇయోలియన్ హాల్లో ఈవా గోత్యే అనే కెనడా గాయని కచేరీ చేసింది. మొదట బెల్లినీ, పర్సెల్, బర్డ్ వంటి పాతవారి పాటలు, తర్వాత బార్టోక్, హిండెమిత్ వంటి కొత్తవారివి. పియానో మీద మాక్స్ జాఫే. అంతవరకు అంతా పెద్దమనుషుల కచేరీయే. ఆపైన జాఫే లేచాడు, ఆయన చోట పాతికేళ్ల జార్జ్ గెర్ష్విన్ వచ్చి కూర్చున్నాడు. అతని చంకలో నొటేషన్ల కట్ట ఉంది. వాటి అట్టలు నలుపూ పసుపూ కలిసి కళ్లకు కొట్టొచ్చినట్టున్నాయని విమర్శకుడు డీమ్స్ టేలర్ తన సమీక్షలో రాశాడు. బెర్లిన్, కెర్న్, డొనాల్డ్‌సన్, గెర్ష్విన్ కట్టిన పాటలను, అంటే ఆ రోజుల్లో నాటకశాలల్లోనూ డాన్సు హాళ్లలోనూ మోగుతున్నవాటిని గోత్యే వరసగా పాడింది. ‘డూ ఇట్ అగెన్’ను వన్స్‌మోర్ అని మళ్లీ పాడించుకున్నారు. ఆ వేడి తగ్గాక ఆమె షోన్‌బెర్గ్‌ను అందుకుంది.

శాస్త్రీయ గాయని బజారు పాట పాడటం అప్పటికే పాత సంగతి. దాన్ని తెచ్చి బార్టోక్‌కూ షోన్‌బెర్గ్‌కూ మధ్య కూర్చోబెట్టడమే ఆ రాత్రి విశేషం. స్త్రీ గాత్రానికి, ముఖ్యంగా పైస్థాయిలో పాడే సొప్రానోకు, పియానో తోడైన కచేరీల చరిత్రనంతా ఒక్క ప్రశ్న పట్టుకుని చూడవచ్చు: జనం పాటకు ఎప్పుడు ఏ చోటిచ్చారు?

గోడ లేని రోజులు

పియానోను 1700 ప్రాంతంలో ఫ్లోరెన్సులో క్రిస్టోఫోరీ తయారు చేశాడు. అది గాత్రానికి సరిజోడు కావడానికి మరో వందేళ్లు పైనే పట్టింది. 1814 అక్టోబరులో పదిహేడేళ్ల షూబర్ట్, రాట్నం ముందు కూర్చున్న గ్రెట్చెన్ అనే అమ్మాయి పాటకు బాణీ కట్టాడు. అందులో పియానిస్టు కుడిచేయి రాట్నంలా తిరుగుతూనే ఉంటుంది. ప్రియుడి ముద్దు గుర్తొచ్చిన చోట గాయని గొంతుతోపాటు రాట్నమూ ఆగిపోతుంది, మళ్లీ తడబడుతూ కదులుతుంది. పక్కవాద్యం కథ చెప్పడం అక్కడ మొదలైంది. ముప్పై ఒకటో ఏట చనిపోయేలోగా షూబర్ట్ ఆరు వందలకు పైగా పాటలు కట్టాడు. వాటిలో చాలా భాగం మొదట స్నేహితుల ఇళ్లలో, నాలుగు గోడల మధ్య వినిపించినవే.

పెద్ద వేదికల తీరు వేరు. అక్కడ అన్నీ కలిసే ఉండేవి. 1850లో సర్కస్ బార్నమ్‌గా మనం ఎరిగిన పి.టి. బార్నమ్, స్వీడన్ సొప్రానో జెన్నీ లిండ్‌ను కచేరీకి వెయ్యి డాలర్ల లెక్కన అమెరికా రప్పించాడు. టిక్కెట్లు వేలం వేస్తే మొదటిదాన్ని జెనిన్ అనే టోపీల వ్యాపారి 225 డాలర్లకు పాడుకున్నాడు. సెప్టెంబరు 11న న్యూయార్కులోని కాసిల్ గార్డెన్‌లో ఆమె బెల్లినీ ‘నోర్మా’ లోని ‘కాస్తా దీవా’ పాడింది. అదే వేదిక మీద స్వీడన్ పశువుల కాపరుల పాట కూడా పాడింది. ఇలాంటి తన దేశపు పాటలకు ఆమె తానే పియానో వాయించుకునేది. ఆ యాత్రలో ‘హోమ్, స్వీట్ హోమ్’ కూడా ఆమె నోట జనానికి ప్రియమైపోయింది. ఆ పాట పుట్టిందీ 1823 నాటి ఒక ఇంగ్లీషు ఒపెరాలోనే. ఏది పండితుల పాట, ఏది పామరుల పాట అని ఆ శ్రోతలు గీత గీసుకోలేదు. పియానిస్టుగా వచ్చి చేరిన ఓటో గోల్డ్‌ష్మిట్‌ను లిండ్ 1852లో బోస్టన్‌లో పెళ్లి చేసుకుంది.

ఈ కలగలుపు వెనుక వ్యాపారమూ ఉంది. మధ్యతరగతి ఇంటింటా పియానో చేరుతున్న కాలమది. వేదిక మీద విన్న పాట నొటేషన్ మర్నాడు కొనుక్కుని ఇంట్లో ఆడపిల్లలు వాయించేవారు. లండన్‌లో బూసీ ప్రచురణ సంస్థ 1867లో బ్యాలడ్‌ల, అంటే జనానికి నచ్చే తేలిక పాటల కచేరీలు మొదలుపెట్టింది. తమ పాట వేదికెక్కించే గాయకులకు ప్రచురణకర్తలు రాయల్టీ ఇచ్చేవారు. పియానో కంపెనీలు హాళ్లే కట్టాయి: న్యూయార్కులో 1866లో స్టైన్‌వే హాలు, లండన్‌లో 1901లో బెక్‌స్టైన్ హాలు. రెండోదే నేటి విగ్మోర్ హాల్. గోత్యే పాడిన ఇయోలియన్ హాలూ తనంతట తాను మోగే ప్లేయర్ పియానోల కంపెనీదే. ఇవాళ పవిత్రంగా చూసే ఈ కచేరీ పద్ధతిని సరుకు అమ్ముకునేవాళ్లూ పెంచి పోషించారు.

ఎర్ర లేబులు, నల్ల లేబులు

పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో గాలి మారింది. 1856లో వియన్నాలో బారిటోన్ స్టాక్‌హౌజన్ షూబర్ట్ ‘మిల్లు పిల్ల’ పాటల మాలను మొదటి నుంచి చివరిదాకా పాడాడు. కచేరీ అంటే ఏకాగ్రతతో, మధ్యలో చప్పట్లు లేకుండా వినాల్సినదన్న భావం క్రమంగా పాతుకుంది. జనం పాట చివరికి జరిగింది. మన కర్ణాటక కచేరీలో ప్రధాన కృతి, తని అయ్యాక జావళీలూ తిల్లానాలూ తుకడాలుగా వచ్చినట్టు, అక్కడ అది వన్స్‌మోర్‌ల వంతులోకి వెళ్లింది. రికార్డులు వచ్చాక విక్టర్ కంపెనీ పేరున్న ఒపెరా గాయకులకు రెడ్ సీల్ పేరిట ఎర్ర లేబులు పెట్టి ఎక్కువ ధర కట్టింది. జనం పాటకు నల్ల లేబులు, తక్కువ ధర. అభిరుచిలోని తేడాకు అలా దుకాణంలో రంగులు పడ్డాయి.

అయినా గాయనులు ఆ గీతను పూర్తిగా పాటించలేదు. 1905 డిసెంబరులో, అరవై రెండేళ్ల వయసులో అడెలీనా పాటీ వేల్స్‌లోని తన కోటలో లాండన్ రోనాల్డ్ పియానో వాయిస్తుండగా రికార్డులిచ్చింది. మోజార్ట్ పక్కనే ‘హోమ్, స్వీట్ హోమ్’ కూడా వాటిలో ఉంది. 1920 జూన్ 15న నెల్లీ మెల్బా చెమ్స్‌ఫర్డ్‌లోని మార్కోనీ కార్ఖానా నుంచి రేడియోలో పాడినప్పుడూ అదే పాట వినిపించింది.

జాతి వివక్ష ఈ కథను మరోలా తిప్పింది. ‘బ్లాక్ పాటీ’ అని పేరుపడ్డ నల్లజాతి సొప్రానో సిసియెరెట్టా జోన్స్‌కు ఒపెరా రంగస్థలం తలుపు తెరవలేదు. 1896 నుంచి ఆ బిరుదు పేరునే నడిచిన ఆమె బృందం ఊరూరా తిరిగింది. హాస్యం, నాట్యం, జనం పాటలు ముందు. ఒపెరా ఘట్టాలతో ఆమె వచ్చేది చివర్లో. కచేరీ హాళ్లలో జనం పాటకు దక్కిన తోక చోటే ఇక్కడ ఒపెరాకు దక్కింది. తర్వాతి తరం ఆ చోటుకే గౌరవం తెచ్చింది. హ్యారీ బర్లీ వంటివారు బానిసల భక్తిగీతాలైన స్పిరిచ్యువల్స్‌ను పియానోతో పాడే కచేరీ పాటలుగా కూర్చారు. వర్ణం కారణంగా కాన్‌స్టిట్యూషన్ హాలు నిరాకరించినప్పుడు మరియన్ ఆండర్సన్ 1939 ఏప్రిల్ 9న లింకన్ స్మారకం మెట్ల మీద 75,000 మంది ముందు పాడింది. ఆమెది కాంట్రాల్టో, అంటే కిందిస్థాయి గొంతు. కోస్తీ వెహనెన్ పియానో తోడుగా దొనిజెట్టి, షూబర్ట్ ముందు పాడి స్పిరిచ్యువల్స్‌తో ముగించింది.  లియోంటిన్ ప్రైస్ వంటి సొప్రానోలు తర్వాత అదే దారిలో నడిచారు.

మైకు తెచ్చిన తేడా

గోత్యే కచేరీ జరిగిన మూడు నెలలకే, 1924 ఫిబ్రవరి 12న, అదే హాల్లో పాల్ వైట్‌మన్ బృందంతో గెర్ష్విన్ ‘రాప్సొడీ ఇన్ బ్లూ’ వినిపించాడు. గోడ కూలిపోతుందని చాలామంది అనుకుని ఉంటారు. మరుసటేడు విద్యుత్ రికార్డింగ్ వచ్చింది. నిజమైన దూరం అప్పుడు మొదలైంది. అంతకుముందు ఏ పాట పాడినా గొంతు హాలు చివరిదాకా వెళ్లాల్సిందే కాబట్టి ఒపెరా గాయకుల సాధనకూ జనం పాట గాయకుల సాధనకూ పోలిక ఉండేది. మైకు ముందు గుసగుసగా పాడినా చాలు. జనం పాట మాట తీరుకు దగ్గరైంది, ఒపెరా గొంతు తన బలాన్ని వదులుకోలేదు.

సొప్రానోకు ఇందులో ఒక శారీరకమైన ఇబ్బందీ ఉంది. తారస్థాయిలో బాగా పైకి వెళ్లినప్పుడు నోరు విప్పక తప్పదు. అక్కడ ‘ఇ’, ‘ఉ’, ‘ఆ’ దాదాపు ఒకేలా వినిపిస్తాయి. ఆర్యాలో, అంటే ఒపెరా పాటలో, శ్రోత స్వరాన్ని ఆస్వాదిస్తాడు కనుక చెల్లుతుంది. కెర్న్ పాటలో సాహిత్యం తెలియకపోతే మిగిలేది తక్కువ. అందుకే తెలిసిన గాయని శ్రుతి బాగా తగ్గించి, మాట్లాడే స్థాయిలో పాడుతుంది. 1984లో కిరి తె కనావా, బెర్న్‌స్టైన్ నిర్వహణలో ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ రికార్డు చేసినప్పుడు, గొంతు అందంగా ఉంది గానీ పాత్ర వినబడటం లేదని విమర్శ వచ్చింది. 1959లో ఇటలీలోని స్పొలెటోలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ జబ్బుపడితే ఆయన బృందంతో పాడిన సొప్రానో ఐలీన్ ఫారెల్ మాత్రం బ్లూస్‌లో ఒపెరా ఛాయ వినబడనివ్వలేదు. 2010లో రెనీ ఫ్లెమింగ్ రాక్ పాటల ‘డార్క్ హోప్’లో తన అలవాటు స్థాయికి చాలా కింద పాడింది.

పియానిస్టుకూ ఇదే పరీక్ష. షూబర్ట్ పాటలో ప్రతి స్వరం రాసి ఉంటుంది, ఒక్కటి జారినా తెలిసిపోతుంది. గాత్రానికి వాద్యం అడ్డొస్తోందా అన్న బెంగ ఎంతటిదో, గొప్ప పక్కవాద్యకారుడు జెరాల్డ్ మూర్ 1962లో తన ఆత్మకథకు పెట్టిన పేరే చెబుతుంది: ‘నేను మరీ గట్టిగా వాయిస్తున్నానా?’ జనం పాట నొటేషన్‌లో ఉండేది అస్థిపంజరం మాత్రమే. మిగతాది పియానిస్టు అక్కడికక్కడ కల్పించుకోవాలి. 1994లో సిల్వియా మెక్‌నెయిర్ కెర్న్ పాటలు పాడినప్పుడు పియానో దగ్గరున్న ఆండ్రే ప్రెవిన్ సినిమా, జాజ్, సింఫొనీ మూడింటిలోనూ ఆరితేరినవాడు. ఆ ఆల్బమ్‌లో పాటకీ పాటకీ వాయిద్యపు పోకడ మారడం శ్రద్ధగా వింటే తెలుస్తుంది.

ఈ జోడీ సంప్రదాయం మన దేశానికీ కొత్త కాదు. ముంబయిలో పుట్టి లండన్‌లో పేరు తెచ్చుకున్న సొప్రానో పాట్రీషియా రొజారియో, ఆమె భర్త, పియానిస్టు మార్క్ ట్రూప్ కలిసి ‘గివింగ్ వాయిస్ టు ఇండియా’ పేరిట ఇక్కడి పిల్లలకు గాత్ర శిక్షణ ఇస్తున్నారు. తెలుగువారికి పియానో ఎక్కువగా సినిమా పార్టీ పాటలోనే పరిచయం. కానీ ఒకే వేదిక మీద కీర్తనా సినిమా పాటా వినడం ఇక్కడి సభల నుంచి అమెరికా తెలుగు సభల దాకా మనకు అలవాటే. కలపవచ్చా అన్న ప్రశ్న మనకు పెద్ద చిక్కు కాదు.

చరిత్ర ఇచ్చే తీర్పు ఇది. ఈ కచేరీ పుట్టుకతోనే మిశ్రమం, శుద్ధి నడుమ వచ్చినది. కాబట్టి కలిపినందుకు ఎవరూ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. చెప్పుకోవలసిందల్లా జనం పాటను సాధన లేకుండా, ఆర్యా పాడే గొంతుతోనే, సరదాకి చివర్లో పడేసినప్పుడు. ఈసారి ఇలాంటి కచేరీకి వెళితే రెండు సంగతులు గమనించండి: జనం పాట వరసలో ఎక్కడుంది, దాని మాటలు మీకు తెలుస్తున్నాయా? రెండూ సరిగ్గా కుదిరితే వన్స్‌మోర్ అడగండి.