విజయపురి ఛాయాస్తంభాలు

ఇక్ష్వాకు రాజ్యస్థాపకుడైన శాంతమూలుడు స్వర్గస్థుడైన తరువాత ఆయన స్మృత్యర్థం విజయపురిలో, అంటే నేటి నాగార్జునకొండలో, నిలిపిన రాతిస్తంభంపై ప్రతిష్ఠాపకులుగా కనిపించేది సింహాసనం మీద ఉన్న కుమారుడు కాదు. మృతుని తల్లులు, అక్కచెల్లెళ్లు, రాణులు తమ పేర్లను వరుసగా చెక్కించుకున్నారు. అశ్వమేధం చేసినవాడని, కోట్ల బంగారాన్నీ లక్షల గోవులనూ నాగళ్లనూ దానమిచ్చినవాడని శాసనాలు కీర్తించిన రాజుకు స్మారకం నిలిపే బాధ్యతను ఆయన ఇంటి ఆడవారే తీసుకోవడం క్రీ.శ. 3వ శతాబ్ది నాటి ఆంధ్రదేశపు అపురూప విశేషం. ఆ ప్రాకృత శాసనం కుమారుడైన వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరానికి చెందినది కనుక, తండ్రి మరణంతోనే కుమారునికి రాజ్యం సంక్రమించిందనుకుంటే, ఆ స్త్రీలు రెండు దశాబ్దాల తరువాత కూడా ఆయనను తలచుకుని రాయి నిలిపారన్నమాట.

ఇటువంటి స్మారకాలను ఛాయాస్తంభాలు అంటారు. సమాధి అస్థికలను దాచేది కాగా, ఛాయాస్తంభం మృతుని రూపాన్ని, ఆయన జీవితంలోని ఘట్టాలను శిల్పంగా చూపుతూ, కింద ఆయన ఎవరో, ఎవరు నిలిపారో తెలిపే శాసనంతో ఉంటుంది. ఈ గౌరవం రాజులకే పరిమితం కాలేదు. సేనానులకు, యుద్ధంలో మరణించిన సైనికులకు, శిల్పుల పెద్ద ఒకరికి కూడా విజయపురిలో స్తంభాలు వెలిశాయి. క్షత్రప వంశపు ఆడపడుచై తరువాతి ఇక్ష్వాకు రాజు ఎహువల శాంతమూలుని రాణిగా వచ్చిన వమ్మభట్టకు ఆమె కుమారుడు రుద్రపురుషదత్తుడు తన 11వ పాలనా సంవత్సరంలో స్తంభం నిలిపి తల్లి ఋణం తీర్చుకున్నాడు. రాజ్యస్థాపకుడు శాంతమూలుని సోదరి శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యానికి పోషకురాలు. ఆమె సోదరుడు వైదిక యజ్ఞాలు చేసినవాడు. ఆ కుటుంబంలో మతం రెండు దారులుగా సాగినా, పోయినవారిని తలచుకోవడంలో ఆ తేడా అడ్డురాలేదు.

మృతులకు రాయి నిలపడం అంతకు ఎంతో ముందే ఉంది. ఇనుపయుగపు బృహత్‌శిలా సమాధులను తెలుగు పల్లెలు నేటికీ రాకాసిగుళ్లని పిలుస్తాయి. ఇక్ష్వాకుల తరువాత శతాబ్దాలలో ఆ స్థానాన్ని వీరగల్లులు, అంటే పోరులో నేలకొరిగినవారి బొమ్మ చెక్కిన రాళ్లు, ఆక్రమించాయి. విజయపురి ఉన్న పల్నాటి సీమలోనే, కారంపూడిలో, 12వ శతాబ్ది నాటి పల్నాటి యుద్ధవీరులకు కార్తిక అమావాస్య మొదలు ఐదు రోజులు ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే పేర్లతో యుద్ధకథనే రోజులుగా విభజించి, కొణతాలనే వీరాయుధాలను ఊరేగిస్తారు. కులభేదం లేకుండా కలిసి తినే చాపకూడు ఆ యుద్ధంలో ఒక పక్షపు నాయకుడైన బ్రహ్మనాయుని ఆశయాన్ని గుర్తు చేస్తుంది. మరణించినవారు దేనికోసం బ్రతికారో దానినే బ్రతికి ఉన్నవారు మళ్లీ ఆచరించడం కన్నా దుఃఖానికి సార్థకమైన రూపం లేదు.

1926లో వెలుగు చూసిన విజయపురి, నాగార్జునసాగర్ జలాశయం కిందికి వెళ్లకముందు, 1954 నుంచి 1960 వరకు సాగిన తవ్వకాలలో ఎన్నో శిల్పాలతో పాటు ఇటువంటి స్తంభాలనూ అందించింది. లోయ మునిగినా రాళ్లు జలాశయంలోని ద్వీపపు మ్యూజియంకు చేరి దక్కాయి. దక్కనిది వాటి వెనుక ఉన్న పద్ధతి. నేటి కర్మకాండలో కర్త కుమారుడే అవుతుండగా, ఏడ్చిన కూతుళ్ల, అక్కచెల్లెళ్ల, భార్యల మాటకు చోటు తక్కువ. పెద్దకర్మ ముగియగానే దుఃఖం కూడా ముగియాలన్న ఒత్తిడి ఎక్కువ. పోయినవారు చేసిన పనిని, ఇచ్చిన దానాన్ని, ఇష్టపడ్డవాటిని ఇంటివారంతా కలిసి చెప్పి, వ్రాసి, తమ పేర్లతో నిలుపుకునే ఒక ఘట్టాన్ని నేటి కుటుంబాలు ముందుగా ఆలోచించి కర్మకాండలో చేర్చుకుంటే, అది శాస్త్రానికి విరోధమూ కాదు, కొత్తదీ కాదు. పదిహేడు వందల ఏళ్ల క్రితం ఈ నేల మీద స్త్రీలు చేసి చూపినదే.