కోస్తా కాలువల్లో పడవ ప్రయాణం: శరత్, హేమంత ఋతువుల ప్రాధాన్యం

కోస్తాంధ్రలో కాలువ పడవల చరిత్రను సాధారణంగా రెండు తేదీల మధ్య చెప్పడం ఆనవాయితీ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తికావడం ఆ చరిత్రకు ఆరంభమని, 1899లో విజయవాడ–మద్రాసు రైలుమార్గం ఏర్పడడం దాని పతనానికి నాంది అని అంటారు. ఈ లెక్కలో సత్యముంది గాని అది సమగ్రం కాదు. సాగునీటి కాలువ ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉండే దారి కాదు. నీరు వదిలినప్పుడే అది దారి. నీరు ఆపినప్పుడు అది బురద గుంట. అందువల్ల ఈ ప్రయాణాల చరిత్రను సంవత్సరాలతోపాటు ఋతువుల ప్రకారం కూడా పరిశీలించాలి. అలా చూసినప్పుడు ఆశ్వయుజం నుంచి పుష్యం వరకు గల చల్లని నెలలు కాలువ ప్రయాణానికి అత్యంత అనుకూలమైన కాలంగా కనిపిస్తాయి.

దారి ఏర్పడిన క్రమం

1832–33 నాటి నందన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. ప్రజలు దానినే డొక్కల కరువు అన్నారు. ఆ విపత్తు తరువాత నదీజలాలను డెల్టా భూములకు మళ్లించే ఆలోచనకు బలం చేకూరింది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో గోదావరి ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో ముగిసింది. కృష్ణా ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. కాటన్ దృష్టిలో కాలువ పొలానికి నీరిచ్చే సాధనం, సరకు మోసే దారి కూడా. రైలుకన్నా నీటిదారి చవక అని ఆయన పట్టుదలగా వాదించాడు. ప్రధాన కాలువలపై లాకులు కట్టడానికి ఈ దృష్టే కారణం. రెండు జతల తలుపుల నడుమ పడవను నిలిపి, నీటిని నింపి పైకెత్తడం, నీటిని వదిలి కిందికి దించడం లాకు చేసే పని. మట్టం మారే ప్రతిచోటా పడవ ఆగి తన వంతు కోసం వేచి ఉండవలసిందే.

దక్షిణాన బకింగ్‌హాం కాలువ పుట్టుక వేరు. 1806లో బాసిల్ కోక్రేన్ మద్రాసు నుంచి ఎన్నూరు వరకు తవ్వించిన ఉప్పునీటి కాలువ దానికి మూలం. తరువాత దానిని క్రమంగా ఉత్తరానికి పొడిగించారు. 1876–78 నాటి ధాత కరువులో కరువు కూలీలతో మద్రాసు పరిసరాల్లో కూవం, అడయారు నదులను కలిపే భాగాన్ని తవ్వించారు. 1878లో అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు ఆ కాలువకు వచ్చింది. మద్రాసుకు ఉత్తరాన పెదగంజాం వరకు సుమారు 315 కిలోమీటర్లు, దక్షిణాన మరక్కాణం వరకు సుమారు 103 కిలోమీటర్లు దాని పొడవు. ఈ విధంగా కోస్తా నీటిదారి వెనుక రెండు కరువుల జ్ఞాపకం ఉంది.

ఒకే దారిలో నాలుగు స్వభావాలు

కాకినాడలో బయలుదేరి మద్రాసు చేరవలసిన పడవ మార్గాన్ని పరిశీలిస్తే ఈ దారి స్వభావం తెలుస్తుంది. కాకినాడ నుంచి ధవళేశ్వరం వరకు ప్రవాహానికి ఎదురు నడవాలి. ధవళేశ్వరం లాకు దాటి గోదావరిలోకి దిగి, ఆనకట్టకు ఎగువన నదిని అడ్డంగా దాటి, విజ్జేశ్వరం వద్ద పడమటి డెల్టా కాలువలో ప్రవేశించాలి. అక్కడి నుంచి ఏలూరు దాకా వాలు ప్రయాణం. ఏలూరు వద్ద గోదావరి నీరు, కృష్ణ నీరు కలుస్తాయి. అది దాటగానే విజయవాడ వరకు మళ్లీ ఏటికి ఎదురీత. విజయవాడ వద్ద కృష్ణను దాటి పడమటి కాలువలో ప్రవేశించి, దుగ్గిరాల మీదుగా కొమ్మమూరు కాలువలో పెదగంజాం చేరాలి. ఆపైన మంచినీరు ముగిసి సముద్రపు పోటుపాటులకు లోబడిన ఉప్పునీరు మొదలవుతుంది.

ఈ మార్గంలో రెండు మహానదులను దాటవలసి ఉండడం గమనార్హం. ఆషాఢం నుంచి భాద్రపదం వరకు వరద గోదావరిని సరకు పడవతో దాటడం ప్రాణాపాయం. వైశాఖ జ్యేష్ఠాల్లో మరమ్మతుల కోసం కాలువలు కట్టివేసేవారు. అంటే వేసవిలో నీరు లేదు, వర్షకాలంలో నది దాటనివ్వదు. వరద తీసి, ఎర్రనీరు తేరుకొని, కాలువలు నిండుగా ఉండే శరత్తులోనే దారి మొదటినుంచి చివరిదాకా తెరుచుకొనేది.

గాలి, పంట, తుపాను

శరదృతువుకు మరొక అనుకూలత గాలి. ఆశ్వయుజం చివర ఈశాన్య ఋతుపవనం ప్రవేశించగానే గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. బకింగ్‌హాం కాలువ ఉత్తర దక్షిణాలుగా తీరం వెంట సాగుతుంది కాబట్టి మద్రాసు వైపు వెళ్లే పడవకు ఆ గాలి తెరచాప నింపుతుంది. అదే కాలంలో ఉత్తరానికి మరలే పడవకు అది ఎదురుగాలి. నైరుతి గాలులు వీచే నెలల్లో పరిస్థితి తారుమారు. ఒకే దూరానికి ఒకే పడవ పోయేటప్పుడు ఒక వ్యవధి, వచ్చేటప్పుడు మరొక వ్యవధి తీసుకోవడానికి కారణం ఇదే.

పంట కూడా ఈ కాలపట్టికకు తోడైంది. కార్తీకం దాటేసరికి సార్వా చేలకు నీటి అవసరం తగ్గుతుంది. మార్గశిరంలో కోతలు, పుష్యంలో నూర్పిళ్లు. అందువల్ల నీటి కోసం సేద్యానికీ పడవకూ మధ్య పోటీ తక్కువగా ఉన్న నెలల్లోనే పడవకు ఎక్కవలసిన ధాన్యం సిద్ధమయ్యేది. బకింగ్‌హాం కాలువపై వంటచెరకు, ఉప్పు మద్రాసుకు చేరేవి.

అయితే ఈ కాలం నిరపాయం కాదు. బంగాళాఖాతపు తుపానులు ఎక్కువగా వచ్చేదీ ఈ నెలల్లోనే. సముద్రానికి దగ్గరగా ఉన్న ఉప్పుకాలువను తుపాను ఇసుకతో పూడ్చగలదు, గట్లు తెగగొట్టగలదు. 1965, 1966 తుపానులు బకింగ్‌హాం కాలువను బాగా దెబ్బతీశాయి. అనుకూలత, అపాయం ఒకే ఋతువులో ఉండడం ఈ ప్రయాణాల విశిష్ట లక్షణం.

చలి ఎవరిది?

రాదారి పడవలు ఎక్కువగా రాత్రివేళ నడిచేవి. ప్రయాణికుడు పొద్దుగూకే వేళ పడవెక్కి దుప్పటి కప్పుకొని గూటికింద పడుకొంటే తెల్లవారేసరికి ఊరు చేరేవాడు. అదే రాత్రి గట్టుమీద వేరొక ప్రయాణం జరిగేది. గాలి లేనప్పుడు, ప్రవాహం ఎదురైనప్పుడు పడవను తాడుతో లాగుతూ మనుషులు నడిచేవారు. మంచుకు తడిసిన గడ్డి, జారే మట్టి, నీరు పీల్చి బరువెక్కిన తాడు వారి పని పరిస్థితులు. పడవ వేగమంటే వారి నడక వేగమే. నీరు నిండుగా ఉండి యజమానికి లాభం తెచ్చే ఋతువే వారికి చలిబాధ తెచ్చే ఋతువు. కాలువల చరిత్రను ఆనకట్టల కొలతలతో, సరకుల లెక్కలతో మాత్రమే రాస్తే ఈ మనుషులు అందులో కనిపించరు.

ఈ లోపాన్ని సాహిత్యం కొంత పూరించింది. పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’ కథ కాలువ పడవపై ఒక రాత్రి నడుస్తుంది. సమాజపు అంచుల్లో బతికే పద్దాలు, రంగి జీవితాలు ఆ పడవలోనే బయటపడతాయి. 1995లో కె.ఎస్. సేతుమాధవన్ ‘స్త్రీ’ చిత్రానికి ఈ కథే ఆధారం. పరిచయం లేనివారు ఒక రాత్రంతా ఒకేచోట గడపవలసిన నిదాన ప్రయాణం లేకపోతే ఇటువంటి కథాకథనానికి అవకాశం ఉండదు. కథలోని కాలవ్యవధి ఆనాటి పడవ వేగం నుంచి పుట్టింది.

రైలు తరువాత

1899లో మద్రాసు మార్గం, 1900లో రాజమండ్రి వద్ద గోదావరిపై హేవలాక్ వంతెన అందుబాటులోకి వచ్చాక దూరప్రయాణికులు రైలుకు మళ్లారు. రైలుకు ఋతుభేదం తక్కువ. వరద గోదావరిని కూడా అది దాటగలదు. పడవ కోల్పోయిన మొదటి ఆధిక్యం ఇదే. కాని రైలు లేని కోనసీమవంటి ప్రాంతాల్లో ఊరికీ ఊరికీ మధ్య పడవలు ఆ తరువాత కూడా దశాబ్దాలపాటు నడిచాయి. రోడ్లు, వంతెనలు, బస్సులు, లారీలు పెరిగిన తరువాతనే అవి పూర్తిగా తెరమరుగయ్యాయి. కాబట్టి 1899ని ముగింపుగా కాక, దూరప్రయాణానికీ దగ్గరి ప్రయాణానికీ దారులు వేరుపడిన సంవత్సరంగా గ్రహించడం సమంజసం.

ముగింపు

కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణా నదుల భాగాలను కలిపి 2008లో నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. పాత దారిని తిరిగి తెరవాలన్న ఈ సంకల్పానికి గత చరిత్ర ఒక ప్రశ్న వేస్తుంది. నాడు పడవకు శరత్, హేమంతాల్లో దొరికిన నీరు పొలం తన అవసరం తీరాక మిగిల్చిన నీరు. దాళ్వా సాగు, చేపల చెరువులు, పట్టణాల తాగునీరు పెరిగిన నేటి డెల్టాలో ఆ మిగులు ఏ నెలలో ఎంత ఉంటుందన్నది తేలనిదే లాకులు బాగుచేసినా పడవ కదలదు. కాలువను ఋతువులవారీగా చదవవలసిన అవసరం అందువల్ల చరిత్రకారులతోపాటు జలరవాణా ప్రణాళికలు వేసేవారికి కూడా ఉంది.