గుడియాత్తం దారిలో కంటి వైద్యం

1911 దాకా చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగం. ఆ తర్వాత జిల్లా వేరైంది, రాష్ట్రమూ వేరైంది. కానీ జబ్బు ముదిరితే చిత్తూరు తెలుగువాళ్ళు ఇప్పటికీ ఎక్కేది రాయవేలూరు బస్సే.

ఆ ఊళ్ళో 1900లో వైద్యురాలు ఐడా స్కడర్ ఒకే ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టారు. రెండేళ్ళకే 40 పడకల షెల్ ఆసుపత్రి లేచింది. అయినా రాలేనివాళ్ళు రానే లేదు. దాంతో ఆమే బయల్దేరారు. గుడియాత్తం దాకా 35 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉండే దారిలో, చెట్ల కింద కాచుకున్న జనానికి వారం వారం మందులిచ్చేవారు. కొన్నాళ్ళకు ఆ పనికి ఫ్రెంచి ప్యూజో కారు కూడా వచ్చింది. షెల్ ఆసుపత్రి తర్వాతి కాలంలో క్రైస్తవ వైద్య కళాశాల (సీఎంసీ) కంటి ఆసుపత్రిగా మారింది. 1947లో వేలూరు చేరిన కంటి వైద్యుడు విక్టర్ రాంబో మరో అడుగు వేసి, శుక్లాల ఆపరేషన్లనే పల్లెలకు తీసుకెళ్ళారు.

శుక్లం ఒకసారి తీస్తే దాదాపు పని అయిపోయినట్టే. షుగరు పాడుచేసిన రెటీనాతో అలా కుదరదు. అక్కడి సన్నని రక్తనాళాలు కారతాయి, మూసుకుపోతాయి. ఆక్సిజన్ చాలని రెటీనా వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను వదిలితే, బలంలేని కొత్త నాళాలు పుట్టుకొచ్చి చిట్లుతాయి. ఒకప్పుడు లేజరే దిక్కు. 2004 తర్వాత ఆ ప్రోటీన్‌కు అడ్డుకట్ట వేసే ఇంజెక్షన్లు వచ్చాయి. మందు మంచిదే, కానీ కంట్లో నిలిచేది కొన్ని వారాలే; మళ్ళీ మళ్ళీ ఆసుపత్రికి రావాలి. వేలూరు దగ్గరి అణైకట్ వైపు పల్లెలో కూలిపని చేసుకునే మనిషికి సూది నొప్పికన్నా పోయే కూలీయే ఎక్కువ బాధ. చాలామంది నడుమనే మానేసేది అందుకే.

నానో కణాల మీద ఆశ పుట్టింది ఈ ఇబ్బందితోనే. అవి కంటి వైద్యానికి కొత్తవేమీ కాదు. 2000లో అమెరికా అనుమతి పొందిన వెర్టెపోర్ఫిన్ అనే మందును కొవ్వుపొరతో చేసిన అతిసూక్ష్మ బుడగల్లో పెట్టి చేతి నరంలోకి ఎక్కిస్తారు. కంట్లో లేజర్ వెలుగు పడినచోట మాత్రమే అది పని మొదలుపెట్టి, చెడ్డ నాళాలను మూసేస్తుంది. 2009లో వచ్చిన ఓజర్డెక్స్ నానో కణం కాదు, ఆరు మిల్లీమీటర్ల పుల్ల. దాన్ని చేసిన పీఎల్‌జీఏ పాలిమర్ కంట్లో మెల్లగా కరిగిపోతూ నెలల తరబడి స్టెరాయిడ్‌ను వదులుతుంది. ఇదే పాలిమర్‌తో వందల నానోమీటర్ల కణాలు చేసి, వాటిలో వీఈజీఎఫ్‌ను అడ్డుకునే మందులను నింపాలన్నది పరిశోధకుల ప్రయత్నం. స్టెరాయిడ్‌కు గట్టి ప్రాణం, తట్టుకుంది. కానీ వీఈజీఎఫ్‌ను అడ్డుకునే మందుల్లో ఎక్కువ భాగం ప్రోటీన్లు. కణాల తయారీలో వాడే ద్రావకాలకే వాటి మడతలు చెదిరిపోతున్నాయి.