రేవు తవ్వకానికి ముందు సముద్ర గర్భ సర్వే

పెద్ద నౌకలు రావాలంటే రేవుకు లోతైన దారి కావాలి. అందుకోసం డ్రెడ్జర్లతో సముద్రపు అడుగున పేరుకున్న బురదను, ఇసుకను తోడివేస్తారు. శతాబ్దాల క్రితం మునిగిన ఓడ ఏదైనా ఆ పొరలలో ఉంటే ఒక్క పూటలో ఛిద్రమవుతుంది. నేల మీది శిథిలమైతే నలుగురి కంటా పడుతుంది, అడ్డుచెప్పేవారూ ఉంటారు. నీటి అడుగున ఉన్నదానికి ఆ అవకాశం లేదు. కనుకనే తవ్వకానికి ముందు పురావస్తు సర్వే జరపడం పలు దేశాలలో ఆనవాయితీగా మారింది.

తొలి దశ కాగితాల మీదనే సాగుతుంది. పాత నౌకాపటాలను, ఓడ ప్రమాదాల నమోదులను, రేవు దస్త్రాలను పరిశీలిస్తారు. పిమ్మట సర్వే పడవ కాలువ మార్గమంతటా నాగటి చాళ్ళ వలె వరుసగా తిరుగుతుంది. సైడ్‌స్కాన్ సోనార్ శబ్ద తరంగాలతో అడుగుభాగపు చిత్రాన్ని గీస్తుంది. మ్యాగ్నెటోమీటరు బురదలో కూరుకుపోయిన లంగర్లు, ఇనుప ఫిరంగుల జాడ తెలుపుతుంది. అయితే కొయ్య, కంచు దానికి అందవు. అందువల్ల ఏ ఒక్క యంత్రాన్నో నమ్ముకుంటే సర్వే సగమే అయినట్లు లెక్క. అనుమానం కలిగిన చోట చివరగా డైవర్లు దిగుతారు.

ఇంగ్లండులోని థేమ్స్ నదీముఖం ఇందుకు చక్కని ఉదాహరణ. అక్కడ లండన్ గేట్‌వే రేవు నిర్మాణానికి ముందు జరిపిన సర్వేలో, 2005లో, ‘లండన్’ అనే యుద్ధనౌక శిథిలాలు సౌతెండ్ తీరానికి చేరువలో బయటపడ్డాయి. 1660లో రెండవ ఛార్లెస్ రాజును స్వదేశానికి తోడ్కొని వచ్చిన నౌకాదళంలో ఇది ఒకటి. 1665 మార్చి 7న ఓడలోని మందుగుండు పేలి మునిగిపోయింది. సుమారు 300 మంది మరణించారు. 24 మంది పురుషులు, ఒక స్త్రీ మాత్రమే బతికి బయటపడినట్లు నాటి కథనాలు చెబుతున్నాయి. పేలుడు ధాటికి నౌక రెండుగా విడిపోవడంతో శిథిలాలు వేర్వేరు చోట్ల పడి ఉన్నాయి.

ఆచూకీ ముందే తెలియడం వల్ల నౌకలు తిరిగే కాలువ మార్గాన్ని పక్కకు మళ్ళించగలిగారు. 2008లో ప్రభుత్వం ఆ స్థలాన్ని రక్షిత శిథిలంగా ప్రకటించింది. రేవు 2013లో ప్రారంభమైంది. దారి మారినా రేవు ఆగలేదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

అయితే దారి మళ్ళించినంత మాత్రాన శిథిలం సురక్షితం కాలేదు. పైనున్న బురద పొర కొట్టుకుపోయే కొద్దీ, ఇన్నాళ్ళూ గాలి సోకక నిలిచిన కొయ్య బయటపడి పురుగుల పాలవుతోంది. ఆటుపోట్ల నడుమ నీరు నిలకడగా ఉండే కొద్ది సమయమే డైవర్లకు అనుకూలం. అప్పుడు సైతం చేతి దూరంలోని వస్తువు కనిపించదు. ఇంతటి ప్రతికూలతల మధ్యనే 2014, 2015లలో తవ్వకాలు జరిపి తోలు చెప్పులు, కొవ్వొత్తులు, తగరపు చెంచాల వంటి నావికుల నిత్యజీవిత వస్తువులను వెలికితీశారు. ఫిరంగిని మోసే కొయ్యబండి ఒకటి 2015 ఆగస్టులో పైకి వచ్చింది.

కృష్ణా జిల్లా తీరానికీ ఈ విషయం దూరమైనది కాదు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం ఏర్పరచుకుంది. డచ్చివారు, ఫ్రెంచివారు కూడా ఇక్కడ వ్యాపారం సాగించారు. తీరం వద్ద లోతు తక్కువ. కనుక పెద్ద ఓడలు కొన్ని మైళ్ళ దూరాన లంగరు వేయగా, సరుకు పడవల మీద ఒడ్డుకు చేరేది. 1864 నవంబరు తుపానులో బందరు పట్టణం వేలాది ప్రాణాలను కోల్పోయింది. నూతన రేవు పనులు 2023లో మొదలయ్యాయి. ఈ తీరంలో పాత ఓడల అవశేషాలు ఏమైనా మిగిలి ఉంటే, వాటిని వెదకవలసింది ఒడ్డున కాదు. నాడు ఓడలు లంగరు వేసిన లోతు నీటిలో, అంటే నేటి పెద్ద నౌకలకు దారి తవ్వే దిశలోనే వెదకాలి.