సర్కారు కొలువులో శేషగిరి కుంచె

ఓరుగల్లు సీమ అంటే అందరికీ ముందుగా గుర్తొచ్చేది కాకతీయుల రాతి పనితనం. రంగుల్లోనూ ఆ సీమ ఒక మహా చిత్రకారుణ్ని కన్నది. ఆయన కొండపల్లి శేషగిరిరావు. నిజాం ఏలుబడిలో, 1924లో పెనుగొండ అనే పల్లెలో పుట్టారు. ఒకప్పటి వరంగల్ జిల్లాలోని ఆ ఊరు ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది.

హైదరాబాద్‌లోని ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో చదువుకున్నాక, నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ అండతో శాంతినికేతన్ వెళ్లారు. అక్కడ నందలాల్ బోస్ శిష్యరికం దొరికింది. తిరిగొచ్చి హైదరాబాద్ లలితకళల కళాశాలలో అధ్యాపకులయ్యారు. 1972లో జేఎన్‌టీయూలో భాగమైన కళాశాల అదే. పదవీ విరమణ దాకా పాఠం చెప్పడం, బొమ్మ వేయడం రెండూ సాగించారు.

ఆయనకు పేరు తెచ్చిన పద్ధతుల్లో ‘వాష్’ ఒకటి. కలకత్తాకు వచ్చిన జపాన్ చిత్రకారుల పనితనం చూసి అవనీంద్రనాథ్ ఠాగూర్ మలచిన పద్ధతి ఇది. కాగితం మీద నీటిరంగు వేసి, ఆరనిచ్చి, నీళ్లతో కడుగుతారు. పైరంగు పోయి, కాగితం పీల్చుకున్నదే మిగులుతుంది. మళ్లీ రంగు, మళ్లీ కడుగుడు. ఇలా పొర మీద పొర పడితేనే ఆ మంచుతెర లాంటి మెత్తదనం వస్తుంది. తొందరపడితే బొమ్మ చెడుతుంది. ఆయన శకుంతల చిత్రాలు చూస్తే ఆ ఓపిక విలువ తెలుస్తుంది.

1975లో హైదరాబాద్‌లో జరిగిన తొలి ప్రపంచ తెలుగు మహాసభల కోసం తెలుగు తల్లి చిత్రాన్ని వేసింది శేషగిరిరావే. కుంచెతో పాటు కలమూ పట్టి, చిత్రకళ, శిల్పకళల మీద తెలుగులో వ్యాసాలు రాశారు. కళ గురించి మన భాషలో రాసేవాళ్లు అరుదైన కాలంలో అది చిన్న సేవ కాదు.

సర్కారు కొలువు కళను చంపేస్తుందని చాలామంది అంటారు. శేషగిరిరావు విషయంలో ఆ మాట నిలవదు. నెల జీతం ఆయన ఇంటిని నడిపింది. ఆ కొలువే ఆయన విద్యను తరగతి గదిలోని పిల్లలకు చేర్చింది. 2012లో ఆయన కన్నుమూశారు. ఇదే ఓరుగల్లు సీమలోని కాకతీయుల రామప్ప గుడి 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఆ శిల్పాన్ని చూడ్డానికి వచ్చేవాళ్లకు ఈ చిత్రకారుడి బొమ్మలు కూడా వరంగల్‌లోనే చూసే వీలు కల్పించాలి. పుట్టిన గడ్డ ఆయనకు తీర్చాల్సిన రుణం అది.