తెలుగు లిపి – లినక్స్ చిత్రరూప డెస్క్‌టాప్: ఒక చారిత్రక పరిశీలన

నిజామాబాదు జిల్లాలోని మండల కేంద్రం ధర్పల్లి. ఈ పేరులో చదువరికి కనిపించేవి మూడక్షరాలు: ధ, ర్ప, ల్లి. కంప్యూటరు భద్రపరిచేవి మాత్రం ఎనిమిది సంకేతాలు. రకార పకారాల నడుమ నిలిచే పొల్లు సంకేతం పకారాన్ని ఒత్తుగా కిందికి దింపుతుంది. అదే జిల్లాలోని బోధన్ పేరులో ఆ సంకేతమే చివర పొల్లుగా కనిపిస్తుంది. లినక్స్‌లో తెలుగు చరిత్ర చాలావరకు ఈ సంకేతాన్ని తెరపై సరిగా చూపే ప్రయత్నాల చరిత్రే.

లినక్స్ తొలి కెర్నెల్, యూనికోడ్ తొలి ప్రమాణం రెండూ 1991లో వెలువడ్డాయి. 1988 నాటి ఇస్కీ ప్రమాణం ఆధారంగా యూనికోడ్ తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. సంకేతం లభించినంత మాత్రాన అక్షరం తెరకెక్కలేదు. లినక్స్ కన్సోలు సమానమైన గళ్ల పట్టిక వంటిది; దాని ఫాంటులో 512 రూపాలకు మించి చోటు లేదు, ఒత్తును హల్లు కింద చేర్చే ఏర్పాటూ లేదు. ఆంగ్లానికి అది చాలు. కనుక ఆంగ్ల వాడుకరికి చిత్రరూప డెస్క్‌టాప్ ఒక సౌకర్యం మాత్రమే, కొందరి దృష్టిలో ఆడంబరం కూడా. తెలుగు వాడుకరికి అది లిపి కనిపించడానికే తొలి షరతు.

1996లో కేడీఈ, 1997లో గ్నోమ్ ప్రాజెక్టులు ఆరంభమైనా ఈ షరతు వెంటనే తీరలేదు. 2002లో గ్నోమ్ 2.0తో పాటు వచ్చిన పాంగో గ్రంథాలయం ఓపెన్‌టైప్ ఫాంటులోని నియమాలను చదివి అక్షరాలను కూర్చసాగింది. డీటీపీ కేంద్రాలలో అప్పటికే అను ఫాంట్లు రాజ్యమేలుతున్నాయి. అవి ఆంగ్లాక్షరాల స్థానాలలో తెలుగు రూపాలను నిలిపినవి. కాగితంపై అందంగా అచ్చైనా, ఆ ఫాంటు లేని యంత్రంలో ఆ పాఠం అర్థరహితం. పాంగో మార్గంలో పాఠం పాఠంగానే మిగిలింది, వెదకడానికి వీలైంది. సౌందర్యం కన్నా ఇదే పెద్ద లాభం.

హైదరాబాదులో 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగు నిర్వహణ వ్యవస్థను లక్ష్యంగా పెట్టుకొంది. 2007 ఏప్రిల్‌లో విడుదలైన డెబియన్ 4.0లో చిత్రరూప స్థాపకం చేరింది. కన్సోలు చూపలేని లిపులకు స్థాపన దశలోనే దారి తెరిచింది. అనంతరం తెలుగుకూ అందులోనే చోటు దొరికింది.

అనువాదాలలో డెస్క్‌టాప్ ‘రంగస్థలము’ అయింది, ఫైలు ‘దస్త్రము’ అయింది. రెవెన్యూ కచేరీల పాత మాట కనుక దస్త్రం సులువుగా ఒదిగింది. రంగస్థలం నాటకాన్నే స్ఫురింపజేస్తుంది. వాడుక డెస్క్‌టాప్ అనే మాటనే నిలుపుకొంది.

పరిమితి నేటికీ ఉంది. చిత్రరూప వ్యవస్థ ఆరంభం కాక యంత్రం కన్సోలు వద్ద ఆగితే, ‘ధర్పల్లి’ అని పేరు పెట్టిన దస్త్రం అక్కడ చదవరాని గుర్తుల వరుసగా కనిపిస్తుంది. దానిని సరిదిద్దే ఆదేశాలన్నీ ఆంగ్లంలోనే టైపు చేయవలసి ఉంటుంది.